కుందేళ్లకి వేసిన పక్క

ఒకసారి ద్వారకా నగర్‌లో, చేపల గాజుతొట్లూ కుక్కల గొలుసులూ అమ్మే ఒక షాపులో నేను నానా రభసా చేశాను. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి చాలా ఏళ్లయింది. మా ఆడపడుచు కూతురికి ఎవరో రెండు కుందేలు పిల్లల్ని బహుమతిగా ఇచ్చారు. వాటి గూట్లో కింద ఏం పరవాలో తెలియక ఆ పిల్ల నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. షాపాయన చెక్కపొట్టు ప్యాకెట్టు ఒకటి తీసి, మూతి విప్పి, మా ముక్కుల దగ్గర పెట్టాడు.

"వాసన సూడండి మేడమ్. గదంతా గుమాయించీద్ది."

"అందుకే వద్దంటన్నాను. వాసన లేందుంటే ఇవ్వండి."

"అందరూ ఇదే పట్టుకెల్తన్నారు. మీరొక్కరే వంకలెడతన్నారు. మీరేటి, పశువుల డాక్టరా?"

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, పాపం ఆయనకి తెలియదు. ఆ సంచిలో ముక్కు పెట్టుకుని ఓ రోజంతా పడుకోండి, రేపొచ్చి మీ తుమ్ములు వింటాను అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. షాపులో మిగతావాళ్లు చేపల్ని చూడటం మానేసి నన్ను చూశారు. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ "అత్తా, ఎల్లిపోదాం రా" అని చెయ్యి పట్టి లాక్కొచ్చేసింది. చివరికి దార్లో గేదెలున్న ఇంట్లో అడిగి ఇంత వరిగడ్డి తెచ్చుకున్నాం. కుందేళ్ల పక్క గురించి ఇదంతా నీకెవరు నేర్పారని బస్సులో అడిగింది ఆ పిల్ల. మా అమ్మ అన్నాను. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి, ఆపేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బస్సులో చెప్పే సంగతి కాదది.

తొంభైల నడుమ మేం గాజువాకలో ఒక రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, వెనక వసారా, వసారా చివర నీళ్ల తొట్టి. మా నాన్న ఆటోనగర్‌లో ఒక చెక్కపని షెడ్డులో వడ్రంగి. పోర్టుకి ఓడల్లో యంత్రాలు పెద్దపెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. యంత్రాలు ఏ ఫ్యాక్టరీకో వెళ్లిపోయేవి, పెట్టెల చెక్కలు ఆటోనగర్ చేరేవి. ఏ దేశంలో ఏ మంచుకొండ మీద పెరిగిన చెట్టో, మా వీధికొచ్చి మంచమయ్యేది, దేవుడి మందిరమయ్యేది, పిల్లల బల్లయ్యేది. సాయంత్రం నాన్న వీధి మలుపు తిరిగితే ముందు ఆ చెక్క వాసన వచ్చేది, వెనకాల నాన్న వచ్చేవాడు. ఆ వాసన నాకు ఎంతిష్టమో చెప్పలేను. నాన్న చొక్కా జేబులో చేపలపొలుసంత చెక్కపొట్టు ఎప్పుడూ ఉండేది, దాన్ని నేను పుస్తకాల మధ్య పెట్టుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ చేసిన ముఖ్యమైన పని పాత చీరలు సిద్ధం చెయ్యడం. పుట్టిన పిల్ల కింద కొత్త బట్ట వెయ్యకూడదని మావాళ్ల పట్టింపు. ఉతికి ఉతికి నలిగిన నూలు చీరలైతే పిల్లకి ఒరుసుకోవు, పది చేతులు తిరిగిన బట్టయితే పిల్లకి ఆయుష్షు అంటారు. అమ్మ తన చీరలే కాక అమ్మమ్మవీ, పక్కింటావిడవీ అడిగి తెచ్చి, అంచులు చింపేసి, ఉడకబెట్టి, ఎండేసి, నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచింది. మధ్యాహ్నాలు ఒక్కోసారి ఊరికే పెట్టె తెరిచి వాటిని చెంపకి ఆనించుకుని మళ్లీ లోపల పెట్టేసేది.

ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, ఏడవకుండానే పోయింది. అమ్మకి ఒంటి మీద తెలివి లేదు. నాన్నా, అమ్మ తమ్ముడైన మా మావయ్యా బిడ్డని తీసుకెళ్లి, మట్టి చేసి వచ్చేశారు. అమ్మ ఆ పిల్లని చూడనేలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఏడవలేదు. ఏడిస్తే తేలికపడుతుందని వీధిలో ఆడవాళ్లొచ్చి వాళ్లే ఏడ్చి చూపించారు. అయినా ఏడవలేదు. అన్నం వండేది, నాకు జడ వేసేది, గిన్నెలు కడిగేది. మాట మాత్రం లేదు. నాన్న షెడ్డు నుంచి రాగానే గుమ్మంలోంచే అమ్మ మొహం వంక చూసేవాడు. నేనూ నాన్న మొహం చూసేదాన్ని. మా ఇద్దరికీ ఒక్కటే భయం, ఈ మనిషి మాకు మళ్లీ దక్కుతుందా అని. చిన్నపిల్లని, భయమేస్తే నాకు కోపం వచ్చేది. "మాటాడవేటే అమ్మా" అని అరిచి కంచం విసిరేసినా అమ్మ నన్ను తిట్టలేదు. కంచం తీసి కడిగి పెట్టింది.

మా మావయ్య పోర్టులో మూటలు దించే పని చేసేవాడు. ఒకరోజు ఒక తాటాకు బుట్ట పట్టుకుని వచ్చి అమ్మ ముందు దించాడు. లోపల రెండు తెల్ల కుందేళ్లు. ఎవరో ఆఫీసరు బదిలీ అయి వెళ్తూ వదిలేశారట.

"అప్పా, నీకోసమే తెచ్చినాను."

అమ్మ బుట్టలోకి చూసింది. "నాకెందుకురా ఇయి? కూరొండమంటావేటి?"

"ఓలమ్మా! కూరేటి? పెంచుకో."

నాన్న నా చెయ్యి నొక్కాడు. వారాల తర్వాత అమ్మ నోట్లోంచి అన్ని మాటలు ఒక్కసారే రావడం అదే మొదలు.

వసారా మూల ఇటుకలు పేర్చి, జాలీ అడ్డం పెట్టి గూడు కట్టాడు నాన్న. కింద గచ్చు. కుందేలు పాదానికి కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు మెత్తటి కండ ఉండదని, వట్టి బొచ్చేనని అప్పుడు మాకు తెలియదు. నాలుగు రోజుల్లో మడమల దగ్గర బొచ్చు ఊడి ఎర్రగా తేలింది. మొదట చూసింది అమ్మే. మావయ్య వెంటనే పోర్టు నుంచి గోనెసంచులు పట్టుకొచ్చి వేశాడు. ఆ గోనె పోగుల్లో ఆడకుందేలు గోరు ఇరుక్కుని అది గిలగిలా కొట్టుకుంది. అమ్మ సంచి ఎత్తి వాసన చూసింది.

"ఇది ఎరువు సంచిరా! ముక్కుందా నీకు, లేదా? దీని మీద నువ్వు తొంగుంటావేటి?" అని దాన్ని దొడ్డిగోడ అవతలకి విసిరేసింది. మావయ్యకి తిట్లు, నాన్నకీ నాకూ పండగ. తిట్టే అమ్మ మాకు తిరిగి వస్తోంది.

ఆ తర్వాత నాన్న వంతు. తన చెక్కపొట్టు ఉండగా సంచులెందుకని నవ్వి, చిత్రిక పట్టిన పొట్టు ఒక సంచెడు తెచ్చి గూడంతా పరిచాడు. తెల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా, పచ్చి చెక్క వాసనతో ఇల్లంతా నిండిపోయింది. కుందేళ్లు అందులో మునిగిపోయి చెవులు మాత్రం పైకి పెట్టుకుని కూర్చుంటే మేం మురిసిపోయాం. నాన్నయితే వచ్చినవాళ్లందరినీ వసారాలోకి తీసుకెళ్లి చూపించేవాడు. "ఫారిన్ పరుపు! మనకి కూడా లేదు" అనేవాడు. వారం తిరక్కుండా రెండూ తుమ్మడం మొదలెట్టాయి. కళ్ల వెంట నీళ్లు, ముక్కు తడి. ముందుకాళ్లతో ముక్కు తుడుచుకుని తుడుచుకుని ఆ కాళ్ల బొచ్చు అట్టలు కట్టింది. వాసన తగ్గినట్టుందని నాన్న ఇంకో సంచెడు తాజా పొట్టు వేశాడు. తుమ్ములు రెట్టింపయ్యాయి.

"బావ, నీ ఫారిన్ పరుపుకి ఫారిన్ జలుబొచ్చినాది," అన్నాడు మావయ్య.

అమ్మ ఎవరితోనూ చెప్పకుండా ఆడకుందేలుని బుట్టలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. బిడ్డ పోయాక అమ్మ గడప దాటడం అదే మొదటిసారి. అక్కడ అన్నీ గేదెలూ, ఆవులూ. వాటి మధ్య మా బుట్ట చూసి డాక్టరుగారు నవ్వారు. పెద్దాయన, ఓపికున్న మనిషి. కింద ఏం వేశారని అడిగారు. ఆ మాట అడుగుతారని అమ్మకి ముందే తోచిందో ఏమో, కొంగుముడి విప్పి గుప్పెడు పొట్టు చూపించింది.

ఆయన వాసన చూశారు. "ఇదమ్మా నీ దొంగ. ఈ వాసనంతా పచ్చి చెక్కలోని నూనె. నీకూ నాకూ బాగుంటుంది. ఇది పగలూ రాత్రీ నేలకి ముక్కు ఆనించి బతికే జంతువు. ఊపిరితిత్తులు ఎంతుంటాయి దీనికి, పెసరగింజంత. ఆ నూనె, ఆ పొడి ఎలా తట్టుకుంటుంది? ఎండుగడ్డి వెయ్యి. మందంగా వెయ్యి. తడిసింది తడిసినట్టు తీసేస్తుండు. దుమ్మున్న గడ్డి వద్దు, బూజు పట్టింది అసలే వద్దు. అది గడ్డిని తింటుంది కూడాను."

ఇంటికొచ్చి చెబితే నాన్నకి చిన్నతనమైంది. పొట్టంతా ఎత్తుతూ, "నా సెక్క వాసన కుందేలుకి పడదంట! దేవుడికి పడతాది, దీనికి పడదంట!" అని గొణుక్కున్నాడు. రెండు రోజులు వసారాలోకి రాలేదు. మూడోరోజు తుమ్ములు తగ్గాయని నేను చెబితే వచ్చి, చూసి, గూటికి ఒక తలుపు బిగించాడు.

ఇక గడ్డి విషయంలో అమ్మని మించినవాళ్లు లేరు. పాలవాళ్ల వామి దగ్గరకి తనే వెళ్లేది. పైన ఎండకి మాడిన గడ్డి వద్దు, అడుగున చెమ్మ పట్టింది వద్దు, నడిమి నుంచి లాగించుకునేది. గుప్పెట్లో నలిపి, చెవి దగ్గర పెట్టుకుని గలగల వినేది. తెచ్చాక గోడకేసి కొట్టి దుమ్ము దులిపేది. కింద పాత పేపర్లు నాలుగు మడతలు, పైన గడ్డి. వేశాక మోకాళ్ల మీద కూర్చుని బరువంతా వేసి నొక్కి చూసేది, గచ్చు తగులుతోందేమోనని. తగిలితే ఇంకాస్త. అమ్మ పుట్టింటివాళ్లది రైతు కుటుంబం. ఊళ్లో దూడలకి ఇలాగే వేసేవాళ్లమని చెబుతూ, నాకు తెలియని ఊరి కబుర్లన్నీ గడ్డి దులుపుతూ చెప్పేది. స్టీల్ ప్లాంటు సైరన్ మోగే వేళకి వసారాలో ఎండ పడేది, గడ్డి బంగారంలా మెరిసేది, అమ్మ మాట్లాడుతూనే ఉండేది. నా చిన్నతనంలో నాకు మళ్లీ కావాలనిపించే రోజులంటే అవే.

వానలు పట్టిన నెలలో ఆడకుందేలు పొట్ట దగ్గర బొచ్చు తనే పీక్కోవడం మొదలెట్టింది. నోటినిండా బొచ్చు పెట్టుకుని తిరిగేది. గజ్జి పట్టిందనుకున్నాం. అమ్మ వేపాకు నూరి పొట్టకి రాసి, రాలిన బొచ్చంతా ఊడ్చి పారబోసింది. ఊడ్చేకొద్దీ అది ఇంకా పీకేది. మర్నాడు పొద్దున గూట్లో ఐదు పిల్లలు. వేలెడంత, ఎర్రగా, ఒంటి మీద నూగు కూడా లేకుండా, కళ్లు మూసుకుని.

"ఓలమ్మా! ఓలమ్మా!" అని అమ్మ గచ్చు మీద చతికిలబడిపోయింది. ఆ మొహంలో వెలుగు చూసి నేను ఎగిరి గంతులేశాను.

ఆ రోజు మా ఇంట్లో కుందేలు కాదు, ఒక బాలింత ఉందన్నట్టే నడిచింది. పురుటి మైల ఉండకూడదని అమ్మ గూడంతా ఖాళీ చేసింది. నెత్తురంటిన గడ్డి, మిగిలిన బొచ్చు, అంతా తీసి పారేసింది. పసుపునీళ్లతో గచ్చు కడిగింది. తర్వాత లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. ఆ చప్పుడుకి నాన్న తింటున్న అన్నం ముందునుంచి లేచాడు. అమ్మ పాత చీరల మడతలు తెచ్చి, గూట్లో మెత్తగా పరిచి, ఐదు పిల్లల్నీ ఒక్కొక్కటే ఎత్తి వాటి మీద పడుకోబెట్టింది. నాన్న నీళ్ల తొట్టి దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. నేను కడుక్కుంటున్నాడనే అనుకున్నాను.

సాయంత్రం నిప్పుల మీద సాంబ్రాణి వేసి పిల్లలకి పొగ పట్టింది అమ్మ. తల్లి రోజుకి ఒక్కసారో రెండుసార్లో తప్ప పాలివ్వడం లేదని దాన్ని బలవంతంగా పిల్లల మీద కూర్చోబెట్టింది. అది దూకి పారిపోతే, "తల్లివి కావేటే నువ్వు?" అని తిట్టింది. నేనూ తిట్టాను. ఆ రెండు రోజులూ వాన కురుస్తూనే ఉంది.

మూడోరోజు పొద్దున ఐదూ చచ్చిపోయి ఉన్నాయి. చీర మడతల్లో ఒక్కొక్కటి ఒక్కో పొరలోకి దూరి, ఒకదానికొకటి దొరక్కుండా విడిపోయాయి. కింది పొరలు తడిసి చల్లగా ఉన్నాయి. ఒకదాని కాలికి దారప్పోగు చుట్టుకుపోయి ఉంది. అమ్మ ఒక్కో మడతా విప్పి, ఒక్కోదాన్నీ తీసి వరసగా పెట్టింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. దాని బొచ్చే దాని పిల్లలకి పరుపూ, దుప్పటీ. అది గడ్డీ బొచ్చూ కలిపి గూడు అల్లుకుంటుంది, దాన్ని తియ్యకూడదు. పిల్లలు ఒకే గుంటలో ఒకదాన్నొకటి అంటుకుని వెచ్చబడతాయి, బట్ట వేస్తే విడిపోతాయి. పాలు రోజుకోసారి చాలు. పొగ పనికిరాదు. ఆయన ఒక్కో మాట చెబుతుంటే అమ్మ తల ఊపుతూ ఉంది. బయటికొచ్చి, గేదెల పక్కన నిలబడి, "నాను సంపీసినాను," అంది. నీకు తెలీదు కదమ్మా అన్నాను. వినిపించుకోలేదు.

పాపం, మావాళ్లలో ఏ ఆడమనిషైనా చేసేది అదేగా! పురుటి బిడ్డకి ప్రేమగా చేసేవన్నీ చేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. అందుకే అవి బతకలేదు.

ఆ మర్నాడు నేను దువ్వెన పట్టుకుని వెళితే అమ్మ, "నీ జడ నువ్వే ఏసుకో. నా సెయ్యి మంచిది కాదు," అంది. నేను గట్టిగా నవ్వాను, వేళాకోళమనుకుని. కాదు. ఆ రోజు నుంచి నన్ను ముట్టుకోలేదు. పక్కింటి పసివాణ్ని ఎత్తుకోమని ఇస్తే వెనక్కి జరిగింది. వసారా వైపు చూడటమే మానేసింది. గడ్డి నేనూ నాన్నా వేసేవాళ్లం. వంకర జడలతో నేను బడికి వెళ్లేదాన్ని. చెల్లెలు పోయినప్పటికంటే ఇప్పుడే ఇల్లు ఎక్కువ ఖాళీగా ఉండేది, అప్పుడు కనీసం అమ్మ చెయ్యి నా తల మీద ఉండేది. నెల కావస్తుండగా, కుందేళ్లని తీసుకెళ్లిపొమ్మని మావయ్యకి కబురు పంపింది అమ్మే. వచ్చే ఆదివారం వస్తానన్నాడు.

శనివారం బడి నుంచి వచ్చేసరికి ఆడకుందేలు నోట్లో గడ్డి, మీసాల్లా అటూ ఇటూ వేలాడుతోంది. మూలకి మోసుకెళ్లి పెట్టి, మళ్లీ వస్తోంది. మగదాన్ని వేరు చెయ్యాలని మాకు తోచలేదు. ఈనిన రోజునే మళ్లీ చూలు కట్టినట్టుంది. నేను లోపలికి పరిగెత్తి, "అమ్మా, మళ్లీ గూడు కడతన్నాది!" అన్నాను.

"పంపీండి. ఇక్కడొద్దు."

"నానివ్వను! మావయ్యొత్తే కరిసీత్తాను!"

నిజంగానే కరిచేదాన్ని. ఆదివారం మావయ్య బుట్టతో వస్తే గూటి తలుపుకి అడ్డంగా పడుకున్నాను. "బావ, ఏటి సెయ్యమంటావ్?" అన్నాడు మావయ్య. నాన్న లోపలికి చూసి, గొంతు తగ్గించి, "ఉండనీ," అన్నాడు. అప్పటికప్పుడు పాత మామిడిచెక్కలతో, వాసన లేదని నాలుగుసార్లు ముక్కు పెట్టి చూసుకుని, ఒక పెట్టె చేశాడు. అందులో గడ్డి నింపాం. కుందేలు గడ్డిలో గుంట చేసుకుని, పొట్ట బొచ్చంతా పీకి దాన్ని నింపింది. మర్నాడు ఆ బొచ్చు కదులుతుంటే లోపల పిల్లలున్నాయని తెలిసింది. మేం వేలు పెట్టలేదు.

అవి పుట్టిన నాలుగోరోజు, బడి సెలవు. పొద్దున వెళ్లి చూస్తే పెట్టె బయట, ఉత్త గచ్చు మీద, ఒక పిల్ల. పాలు తాగుతూ తల్లి చన్ను వదలక దానితో పాటు బయటికి వచ్చేసినట్టుంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. దాన్ని అరచేతిలో వేసుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

"అమ్మా, పట్టుకో!"

"నాకియ్యకు." చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సచ్చిపోతాది!"

"మీ నాన్నకియ్యి. నా సేతికొద్దు."

నాన్న వీధి కొళాయి దగ్గరున్నాడు. నాకెక్కడలేని కోపం వచ్చింది. ఏడుస్తూ అరిచాను. "నీ సెయ్యే కావాల! నాకూ కావాల, దీనికీ కావాల! ఎవరూ వద్దంటే నన్ను కూడా పంపీ మావయ్యతో!" అని అమ్మ చెయ్యి లాగి, వేళ్లు విప్పి, పిల్లని అందులో పెట్టేశాను.

అమ్మ పారేస్తుందేమో అనుకున్నాను. పారెయ్యలేదు. రెండో చెయ్యి పైన కప్పింది. ఊపిరితో ఊదింది. తర్వాత జాకెట్టు లోపల గుండెల మీద పెట్టుకుని, కొంగు చుట్టుకుని, పొయ్యి దగ్గర పీట మీద కూర్చుంది. అన్నం పొంగి పొయ్యిలో పడింది. ఇద్దరం కదల్లేదు. ఎంతసేపో తెలియదు. ఒక్కసారి అమ్మ ఉలిక్కిపడి, "కాలితో తన్నినాది," అంది.

తనే వసారాలోకి వెళ్లింది. పెట్టె దగ్గర కూర్చుని, రెండు వేళ్లతో బొచ్చు కొంచెం పక్కకి జరిపింది. లోపల ఆరు పిల్లలు ఒకే ముద్దగా, ఊపిరి తీస్తూ. ఏడోదాన్ని వాటి నడుమ దింపి, బొచ్చు ఎలా ఉందో అలాగే కప్పేసింది. కప్పాక చెయ్యి తియ్యకుండా, ఆ వెచ్చదనం మీద అలాగే ఉంచి కూర్చుంది.

నాన్న నీళ్ల బిందెతో వచ్చి, అమ్మని అక్కడ చూసి, బిందె దించడం మర్చిపోయి నిలబడ్డాడు.

అమ్మ తలెత్తకుండానే అడిగింది. "మన పిల్లని దేని మీద పడుకోబెట్టినారు?"

నాన్న బిందె కింద పెట్టాడు. అమ్మ పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. నన్ను లోపలికి వెళ్లమని చెబుతారనుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

"నా సొక్కా ఇప్పి సుట్టినాను," అన్నాడు.

"కింద?"

"కింద రాళ్లున్నాయని మీ తమ్ముడు తాటాకులేసినాడు. దాని మీద నా తలగుడ్డ మడతెట్టి ఏసినాను."

"మెత్తగుందా?"

"ముందు నా సెంప ఆనించి సూసినాను. అప్పుడు పడుకోబెట్టినాను."

ఎన్ని నెలల తర్వాతో, అమ్మ అప్పుడు ఏడ్చింది. వీధంతా వినిపించేలా, మమ్మల్నిద్దర్నీ పట్టుకుని ఏడ్చింది. నాన్న ఊరుకోమనలేదు.